కొండ ఎక్కించినవాళ్లకే అవార్డా? తాడు చెక్ చేసినవాళ్లకి లేదా?

ఈరోజు టాపిక్ కొంచెం వెరైటీగా ఉంటుంది. అమెరికాలో ఎంఎస్‌కి వెళ్లేవాళ్లు ఆన్‌క్యాంపస్ జాబ్ అనగానే ఏం అనుకుంటారు? లైబ్రరీ, డైనింగ్ హాల్, అదృష్టం బాగుంటే టీచింగ్ అసిస్టెంట్. అంతే కదా? కానీ చాలా యూనివర్సిటీల్లో ఇంకో డిపార్ట్‌మెంట్ ఉంటుంది, మనవాళ్లు అటువైపు చూసేది తక్కువ. దాని పేరు అవుట్‌డోర్ రిక్రియేషన్. అక్కడ స్టూడెంట్సే జీతం తీసుకుని మిగతా స్టూడెంట్స్‌ని ట్రెక్కింగ్‌కి తీసుకెళ్తారు, కయాక్ నడపడం నేర్పిస్తారు, క్లైంబింగ్ వాల్ దగ్గర డ్యూటీ చేస్తారు, టెంట్లు, స్లీపింగ్ బ్యాగులు అద్దెకి ఇస్తారు.

సంవత్సరం చివర్లో అక్కడ కూడా అవార్డులు ఇస్తారు. బెస్ట్ ట్రిప్ లీడర్, బెస్ట్ న్యూ స్టాఫ్, ఇలా. "ఇందులో ఎపిసోడ్ చేసేంత ఏముంది బ్రో?" అంటారేమో. ఉంది. ఎవరికి చప్పట్లు కొడుతున్నామో చూసి మిగతావాళ్లు పని నేర్చుకుంటారు. ఆఫీసులో తప్పు మనిషికి చప్పట్లు కొడితే మహా అయితే ప్రాజెక్ట్ పాడవుతుంది. తాళ్లు, నదులు, కొండలు ఉన్న చోట కొడితే మనిషికి దెబ్బ తగులుతుంది. కాబట్టి దీన్ని కొంచెం వివరంగా చూద్దాం.

ముందు బ్యాక్‌గ్రౌండ్

ఇది కొత్త ఫ్యాషన్ కాదు. డార్ట్‌మౌత్ కాలేజీలో స్టూడెంట్ల అవుటింగ్ క్లబ్ 1909లోనే మొదలైంది. అమెరికా కాలేజీల్లో ఇలాంటి క్లబ్బుల్లో అదే అన్నిటికంటే పాతది. క్యాంపస్ రిక్రియేషన్ వాళ్లందరికీ పెద్ద సంఘం నిర్సా. అది 1950లో న్యూ ఆర్లీన్స్‌లోని డిలార్డ్ యూనివర్సిటీలో మొదలైంది. నల్లజాతి విద్యార్థుల కోసం ఏర్పడిన 11 కాలేజీల వాళ్లు, విలియం వాసన్ అనే ఆయన ఆధ్వర్యంలో అక్కడ కలిశారు. ఆయన పేరు మీద ఇప్పటికీ స్టూడెంట్ లీడర్లకి అవార్డు ఇస్తున్నారు. అవుట్‌డోర్ వాళ్లకి ప్రత్యేకంగా ఏఓఆర్ఈ అనే సంఘం 1993లో వచ్చింది.

అంటే స్టూడెంట్ ఉద్యోగిని గుర్తించడం అక్కడ పాత అలవాటే. ఏప్రిల్‌లో స్టూడెంట్ ఎంప్లాయ్‌మెంట్ వీక్ అని ఒక వారం జరుపుతారు. చాలా క్యాంపస్‌లలో స్టూడెంట్ ఎంప్లాయీ ఆఫ్ ద ఇయర్‌ని ప్రకటిస్తారు. మన కాలేజీల్లో యాన్యువల్ డే రోజు బెస్ట్ అవుట్‌గోయింగ్ స్టూడెంట్ అని స్టేజ్ మీద మెమెంటో ఇస్తారు చూడండి, కొంచెం అలాంటిదే. తేడా ఏంటంటే, ఇక్కడ చూసేది మార్కులు కాదు, పని.

ఆ పని ఎంత సీరియస్ అంటే

వయసు 20. చేతి కింద పది మంది. ఫోన్ సిగ్నల్ లేని అడవి. ఒకరికి చీలమండ మడత పడింది, వర్షం మొదలైంది, చీకటి పడుతోంది. హాస్పిటల్ గంటల దూరంలో ఉంది. ఇప్పుడు ఆగాలా, వెనక్కి వెళ్లాలా? నిర్ణయం తీసుకోవాల్సింది ఆ స్టూడెంటే.

అందుకే ట్రిప్ లీడర్లకి వైల్డర్‌నెస్ ఫస్ట్ రెస్పాండర్ అనే కోర్సు చేయిస్తారు. దాదాపు 70 నుంచి 80 గంటల ట్రైనింగ్. చిన్న ట్రిప్పులకి 16 గంటల ఫస్ట్ ఎయిడ్ కోర్సు సరిపోతుందనే ప్రోగ్రాములు కూడా ఉన్నాయి. క్లైంబింగ్ వాల్ దగ్గర బిలే నేర్పిస్తారు. బిలే అంటే, ఒకరు పైకి ఎక్కుతుంటే వాళ్ల తాడుని కింద నుంచి కంట్రోల్ చేస్తూ, జారితే ఆపడం. ముడి సరిగ్గా పడిందా, బెల్ట్ బకిల్ బిగిందా అని ఎక్కే ముందు ఇద్దరూ ఒకరిదొకరు చెక్ చేసుకోవాలి. వందోసారి కూడా మొదటిసారి చేసినట్టే చేయాలి. బోర్ కొట్టే పనే, కానీ ప్రాణం కాపాడేది అదే.

కనిపించే పని, కనిపించని పని

మొదటి సమస్య ఇక్కడే వస్తుంది. ట్రిప్ అయ్యాక పార్టిసిపెంట్స్ ఫీడ్‌బ్యాక్ ఫారంలో ఎవరి పేరు రాస్తారు? ట్రిప్ లీడర్ పేరే. ఎందుకంటే క్యాంప్‌ఫైర్ దగ్గర జోకులు వేసింది ఆ అమ్మాయి, సన్‌రైజ్ చూపించింది ఆ అమ్మాయి. తప్పు లేదు.

కానీ ఆ ట్రిప్‌కి రెండు రోజుల ముందు గేర్ రూమ్‌లో ఒక అబ్బాయి కూర్చుని ప్రతి టెంట్‌కీ కర్రలు సరిగ్గా ఉన్నాయా అని లెక్కపెట్టాడు. స్టవ్‌లు వెలిగించి చూశాడు. తాడు మొత్తం అడుగు అడుగునా చేత్తో తడుముతూ, ఎక్కడైనా మెత్తబడిందా, పైపొర చిరిగిందా అని చూశాడు. ఒక తాడు డౌట్‌గా అనిపిస్తే పక్కన పడేసి రిజిస్టర్‌లో రాశాడు. ఆ తాడు వల్ల జరగాల్సిన ప్రమాదం జరగలేదు. జరగనిదాన్ని ఫోటో తీయలేం కదా! అందుకే అతని పేరు ఏ ఫారంలోనూ ఉండదు.

సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. నేను పనిచేసిన ఒక కంపెనీలో అర్ధరాత్రి సర్వర్ పడిపోతే తెల్లారేదాకా కూర్చుని లేపినవాళ్లకి స్టార్ ఆఫ్ ద మంత్ ఇచ్చేవాళ్లు. సర్వర్ పడకుండా ముందే టెస్టులు రాసినవాళ్లకి ఏమీ లేదు. కొన్నాళ్లకి టీమ్‌లో అందరికీ అర్థమైపోయింది, ఇక్కడ మంట ఆర్పితేనే పేరు, మంట రాకుండా చూస్తే రాదు అని. ఆ తర్వాత టెస్టులు ఎవరు రాస్తారు చెప్పండి?

"జీరో ఇన్సిడెంట్స్" అవార్డు ఎందుకు ప్రమాదం

ఇది జాగ్రత్తగా వినండి. "ఈ సంవత్సరం ఒక్క ఇన్సిడెంట్ కూడా లేని లీడర్" అని అవార్డు పెడితే బాగానే అనిపిస్తుంది. కానీ ఇన్సిడెంట్ లేకపోవడం వేరు, రిపోర్ట్ చేయకపోవడం వేరు. బయటికి చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి.

సేఫ్టీ భాషలో నియర్ మిస్ అంటారు. తప్పు జరిగింది, కానీ దెబ్బ తగలలేదు. ఒకరి ముడి సగమే పడింది, ఎక్కే ముందు కంటపడింది, విప్పి మళ్లీ వేశారు. దీన్ని రాసిపెడితే వచ్చే ట్రైనింగ్‌లో అందరికీ చెప్పొచ్చు. దాచేస్తే అదే తప్పు ఇంకోచోట జరుగుతుంది, అప్పుడు ఎవరూ చూడకపోవచ్చు. జీరో నంబర్‌కి అవార్డు పెట్టారంటే దాచినవాళ్లకి ప్రైజ్ ఇచ్చినట్టే.

అందుకని లెక్క తిరగేయాలి. నియర్ మిస్‌ని నిజాయితీగా రిపోర్ట్ చేసినవాళ్లని మెచ్చుకోవాలి. వాతావరణం బాగోలేదని శిఖరానికి అరగంట దూరంలో గ్రూప్‌ని వెనక్కి తిప్పిన లీడర్‌ని స్టేజ్ మీదకి పిలవాలి. ఆరోజు గ్రూప్ అంతా ఆ అమ్మాయిని తిట్టుకుని ఉంటుంది, ఫీడ్‌బ్యాక్‌లో స్టార్లు తగ్గి ఉంటాయి. సూపర్‌వైజర్ అందరి ముందు "నువ్వు తీసుకున్న నిర్ణయం కరెక్ట్" అంటే, వచ్చే ఏడాది కొత్త లీడర్లకి వెనక్కి తిరిగే ధైర్యం వస్తుంది.

సర్టిఫికెట్ ఇస్తే ఇష్టం తగ్గుతుందా?

1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే ముగ్గురు సైకాలజిస్టులు ఒక ప్రయోగం రిపోర్ట్ చేశారు. స్కెచ్ పెన్నులతో బొమ్మలు వేయడం ఇష్టపడే నర్సరీ పిల్లల్ని తీసుకున్నారు. కొందరికి "బొమ్మ వేస్తే రిబ్బన్ ఉన్న సర్టిఫికెట్ ఇస్తాం" అని ముందే చెప్పారు. కొందరికి చెప్పకుండా, వేశాక సడన్‌గా ఇచ్చారు. మిగతావాళ్లకి ఏమీ ఇవ్వలేదు. ఒకటి రెండు వారాల తర్వాత చూస్తే, ముందే ఆశపెట్టిన పిల్లలు బొమ్మల మీద గడిపిన టైమ్ మిగతా రెండు గ్రూపులతో పోలిస్తే దాదాపు సగమే. సడన్‌గా ఇచ్చిన గ్రూప్‌లో మాత్రం ఇష్టం తగ్గలేదు.

వాళ్లు చిన్నపిల్లలు, మనం మాట్లాడేది జీతం తీసుకునే పెద్దవాళ్ల గురించి. కాబట్టి మక్కీకి మక్కీ ఇక్కడ పెట్టేయకూడదు. కానీ ఒక హింట్ దొరుకుతుంది. కొండలంటే ఇష్టంతో వచ్చినవాళ్లని పాయింట్లు, లీడర్‌బోర్డులు అని పరుగు పెట్టిస్తే ఆ ఇష్టం పాయింట్ల మీదకి మళ్లొచ్చు. పని అయిన వెంటనే, ఊహించని టైమ్‌లో, "నువ్వు చేసిన ఫలానా పని వల్ల ఇది జరిగింది" అని చెప్పే రెండు మాటలకి ఆ రిస్క్ తక్కువ. సంవత్సరానికి ఒక్క అవార్డు ఫంక్షన్ పెట్టి, మిగతా 364 రోజులు ఏమీ మాట్లాడకపోతే దాన్ని గుర్తింపు అనలేం.

మనవాళ్లు తప్పకుండా తెలుసుకోవాల్సింది: 20 గంటలు

ఎఫ్1 వీసా మీద ఉన్నవాళ్లు సెమిస్టర్ నడుస్తున్నప్పుడు ఆన్‌క్యాంపస్‌లో వారానికి 20 గంటలకి మించి పనిచేయకూడదు. సెలవుల్లో ఫుల్‌టైమ్ చేయొచ్చు. మీకు తెలిసిన రూలే. ఇప్పుడు దీన్ని అవార్డుతో కలిపి చూడండి.

చాలా చోట్ల బెస్ట్ ఎంప్లాయీ గురించి ఎలా రాస్తారు? "ఎప్పుడు పిలిచినా వస్తాడు, ఎవరు సెలవు పెట్టినా ఆ షిఫ్ట్ తనే చేస్తాడు." అమెరికన్ స్టూడెంట్‌కి అది మెచ్చుకోలు. ఎఫ్1 స్టూడెంట్‌కి అది గోడ. 20 దాటితే స్టేటస్ పోయే ప్రమాదం, దాటకపోతే "కమిట్‌మెంట్ తక్కువ" అనే పేరు. కొందరు ఏం చేస్తారంటే, పంచ్ అవుట్ చేసేసి "ఊరికే హెల్ప్ చేస్తున్నా" అని ఇంకో రెండు గంటలు ఉండిపోతారు. అలా అస్సలు చేయకండి. మామూలుగా జీతం ఇచ్చే పనిని జీతం లేకుండా చేసినా అది వాలంటీరింగ్ కింద సేఫ్ అయిపోదు. మీకూ రిస్క్, యూనివర్సిటీకీ రిస్క్.

ఇంకో విషయం. మూడు రోజుల ట్రిప్‌కి వెళ్తే గంటలు ఎలా లెక్కపెడతారు, క్యాంపస్ బయట జరిగే పని మీ వీసా రూల్ కిందకి వస్తుందా, ఇవన్నీ జాబ్ ఒప్పుకునే ముందే ఇంటర్నేషనల్ ఆఫీస్‌లో అడగండి. వాళ్ల జవాబు ఈమెయిల్‌లో తీసుకోండి. "సీనియర్ అన్న చెప్పాడు, ఏం కాదు" అనే మాట ఇమిగ్రేషన్ దగ్గర పనిచేయదు.

సూపర్‌వైజర్లు చేయాల్సింది కూడా సింపులే. ఎన్ని గంటలు చేశారని కాదు, ఉన్న గంటల్లో ఏం చేశారని చూడాలి.

మంచి నామినేషన్ ఎలా రాయాలి

మీకు తెలుసా, చాలా చోట్ల తోటి స్టాఫ్ కూడా నామినేట్ చేయొచ్చు. ట్రిప్ ఎలా జరిగిందో బాస్ కన్నా పక్కన ఉన్నవాళ్లకే బాగా తెలుస్తుంది. కానీ మనం రాసేది ఎలా ఉంటుందంటే, "హీ ఈజ్ హార్డ్ వర్కింగ్, వెరీ డెడికేటెడ్, టీమ్ ప్లేయర్." పేరు మార్చి ఎవరికైనా పెట్టేయొచ్చు. అలాంటిది చదివే కమిటీకి ఏమీ చెప్పదు.

మూడు ప్రశ్నలకి జవాబు రాయండి చాలు. పరిస్థితి ఏంటి? ఆ మనిషి ఏం చేశారు? దాని వల్ల ఏం మారింది? ఉదాహరణకి: "లైఫ్ జాకెట్లు తిరిగి వచ్చినప్పుడు తడిగా కుప్పపోసేవాళ్లం. ఆమె ఆరబెట్టే స్టాండ్ దగ్గర ఒక చెక్‌లిస్ట్ పెట్టి, ప్రతి బకిల్ చూసే పద్ధతి తెచ్చింది. ఇప్పుడు విరిగిన బకిల్ నది దగ్గర కాదు, గేర్ రూమ్‌లోనే దొరుకుతోంది." ఇది నేను కల్పించిన ఉదాహరణే. కానీ చదివితే మనిషి కనిపిస్తోంది కదా?

ప్రైజ్ ఏం ఇవ్వాలి? గిఫ్ట్ కార్డ్ అనుకుంటాం. అమెరికా ట్యాక్స్ రూల్స్‌లో ఉద్యోగికి ఇచ్చే గిఫ్ట్ కార్డ్ నగదుతో సమానం, 25 డాలర్లైనా జీతంలో కలిపి ట్యాక్స్ లెక్కపెట్టాల్సిందే. టీషర్ట్, కప్పు లాంటి చిన్న వస్తువులకి మామూలుగా ఆ గొడవ ఉండదు. నన్నడిగితే వీటన్నిటికన్నా బాగా పనికొచ్చేవి మూడు. తర్వాతి సర్టిఫికేషన్ కోర్సు ఫీజు కట్టడం, జీతం పెరిగే పై పోస్ట్ ఇవ్వడం, వివరాలతో రికమెండేషన్ లెటర్ రాయడం. ఇవి గ్రాడ్యుయేషన్ తర్వాత కూడా ఆ స్టూడెంట్ వెంట వస్తాయి.

మీరు అక్కడ పనిచేస్తుంటే

ఫోన్‌లో ఒక నోట్ ఓపెన్ చేయండి. వారానికి రెండు లైన్లు రాయండి: ఏం సరిచేశాను, ఎవరికి నేర్పాను, ఏ నిర్ణయం తీసుకున్నాను. అవార్డు వచ్చినా రాకపోయినా ఇంటర్వ్యూలో "టెల్ మీ అబౌట్ ఎ టైమ్" అని అడిగినప్పుడు అదే మీ జవాబు. "పది మందిని చీకటి పడకముందే సేఫ్‌గా వెనక్కి తీసుకొచ్చాను" అనే లైన్, రెజ్యూమెలో ఐదో జావా ప్రాజెక్ట్ కన్నా గుర్తుండిపోతుంది.

ఇంకా ఒక పని. ఈ వారం మీ టీమ్‌లో ఎవరూ చూడని పని చేస్తున్న ఒకరిని గమనించండి. గేర్ రూమ్ కావచ్చు, ఆఫీస్ కావచ్చు, కాలేజ్ ఫెస్ట్‌లో కుర్చీలు సర్దే జూనియర్ కావచ్చు. అతను ఏం చేశాడో పేరుపెట్టి చెప్పి, మీ పై వాళ్లకి ఒక మెసేజ్ పెట్టండి. దానికి కమిటీ అక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు.

మీ క్యాంపస్‌లో ఇలాంటి జాబ్ చేస్తున్నవాళ్లు ఉంటే, అక్కడ ఎవరికి చప్పట్లు పడుతున్నాయో కామెంట్స్‌లో రాయండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను, బై.