అడగకుండానే అందిన ఈమెయిల్

1990ల మధ్యనాటికి అమెరికా, కెనడా కార్యాలయాల్లో ఈమెయిల్ పాతుకుపోయినా, ఉద్యోగి కుర్చీ దిగి బయటికి వెళ్తే అది అతనికి అందేది కాదు. 1996లో వచ్చిన నోకియా 9000 కమ్యూనికేటర్‌లో మెయిల్ చూసే వీలున్నా, డయల్ చేసి సర్వర్‌తో కలిసి, కొత్తవి వచ్చాయేమో ప్రతిసారీ తానే వెతుక్కోవలసి వచ్చేది.

ఈ చిక్కును విప్పిన రీసెర్చ్ ఇన్ మోషన్ సంస్థను మైక్ లజారిడిస్, డగ్లస్ ఫ్రెగిన్ 1984లో కెనడాలోని వాటర్లూలో స్థాపించారు. దాని ఇంజనీర్లు నమ్ముకున్నది స్వీడన్‌లో పుట్టిన మొబిటెక్స్ అనే రేడియో నెట్‌వర్క్‌ను. మాటలను మోయకుండా, సమాచారాన్ని ప్యాకెట్లనే చిన్న ముక్కలుగా పంపే దీని వేగం సెకనుకు 8,000 బిట్లే కాబట్టి, ఫోటోలు, అటాచ్‌మెంట్ల ఊసెత్తకుండా అక్షరాలను మాత్రమే పొదుపుగా పంపడం వారికి అలవడింది. ఆ పేదరికమే వారికి కలిసివచ్చిందనాలి.

1999 జనవరిలో బ్లాక్‌బెర్రీ పేరుతో మొదలైన సేవలో, కార్యాలయ కంప్యూటర్‌లోని సాఫ్ట్‌వేర్ కొత్త మెయిల్ రాగానే దాన్ని ఇతరులు చదవలేని సంకేతాలుగా మార్చి, యజమాని అడగకముందే అతని నడుముకున్న పరికరానికి చేరవేసేది. ఈ పద్ధతికే పుష్ అని పేరు. పెద్ద సంస్థలకు మరింత నచ్చింది ఆ గోప్యతే.

పేజర్ అంత ఉండే 950 మోడల్ ఒక్క పెన్సిల్ సెల్‌తో వారాల తరబడి పనిచేసేది. రెండు బొటనవేళ్లతో టైపు చేసేందుకు వీలుగా మీటలను ఏటవాలుగా అమర్చారు. స్పేస్ మీటను రెండుసార్లు నొక్కితే వాక్యం చివర చుక్క పడి, తరువాతి అక్షరం దానంతటదే పెద్దక్షరమయ్యేది. పక్కనున్న చిన్న చక్రాన్ని తిప్పి నొక్కితే చాలు, మెనూలన్నీ చుట్టి రాగలిగేవారు.

2001 సెప్టెంబర్ 11 దాడుల నాడు సెల్‌ఫోన్ నెట్‌వర్కులు కిక్కిరిసి కాల్స్ కలవని వేళ, ఈ పరికరాల మధ్య సందేశాలు నడిచాయి; ఆ తరువాత అమెరికా ప్రతినిధుల సభ తన సభ్యులకు వీటిని సమకూర్చింది. 2002లో వచ్చిన 5810లో ఫోన్ సౌకర్యం చేర్చినా, మాట్లాడాలంటే హెడ్‌సెట్ తగిలించుకోక తప్పేది కాదు. తయారీదారుల దృష్టిలో ఫోన్ ఇంకా మెయిల్‌కు తోకగానే ఉండేదని దీన్నిబట్టి తెలుస్తుంది.