ఎనిమిది ప్లగ్గులూ... ఎనభై మంది భోజనాలూ!

పులిహోర, గుత్తివంకాయ, సాంబారు, పరమాన్నం... పెద్ద పెద్ద గిన్నెల్లో సర్ది, మూతలకి తాళ్లు కట్టి, ట్రక్కు వెనక వేసుకుని బయల్దేరాను. ఫ్లైఓవర్ ఎక్కుతున్నానో లేదో బండి ఒకటే వణుకు! మలేరియా జ్వరం వచ్చిన మనిషిలాగా. ఎదురుగా డయల్లో పసుపుపచ్చ లైటు టపటపా కొట్టుకుంటోంది. వెనక సాంబారు, నా గుండె... రెండూ ఒకేసారి తొణికాయి.

మేముండేది అమెరికాలో, టెక్సాస్ రాష్ట్రంలోని ఇర్వింగ్‌లో. శనాదివారాల్లో మన తెలుగువాళ్ల సీమంతాలకీ, గృహప్రవేశాలకీ వంటలు చేసిస్తుంటాను. మావారికి వెన్నెముక ఆపరేషనై అప్పటికి నెల. మూడు నెలలు వంగకూడదు, బరువెత్తకూడదన్నారు డాక్టర్లు. అంటే ఆ మూడు నెలలూ ఇల్లు గడవాల్సింది నా గరిటె మీదే. గిన్నెలు మోసే బండేమో 2006 మోడల్ పికప్ ట్రక్కు. మా చిన్నాడికన్నా వయసులో పెద్దది. లక్షా పన్నెండు వేల మైళ్లు తిరిగింది.

సీమంతం వంట ఎలాగో చేరేసి, మర్నాడు గ్యారేజీకి తీసుకెళ్లాను. ప్లగ్గులూ కాయిల్సూ అన్నీ మార్చాలి, 1600 డాలర్లవుతుందన్నాడు. "తీసేటప్పుడు ప్లగ్గు విరిగితే ఒక్కోదానికి మళ్లీ వేరే చార్జీ" అని చల్లగా ఇంకో మాట కూడా చేర్చాడు. విరగ్గొట్టేది తనట, డబ్బిచ్చేది నేనట! బాగుంది కదూ? శనివారం ఎనభై మందికి గృహప్రవేశం భోజనాలు ఒప్పుకుని ఉన్నాను. చేతిలో ఐదు రోజులు. "ఆలోచించి చెప్తా" నని వచ్చేశాను.

లారీ షెడ్డు గడప తొక్కని కూతురు

మా నాన్న విజయవాడ ఆటోనగర్లో ముప్ఫయ్యేళ్లు లారీ మెకానిక్కుగా చేశాడు. మెకానిక్కు కూతురివి, ఆ మాత్రం తెలీదా అంటారేమో. నిజంగానే తెలీదు! నన్ను షెడ్డు గడప తొక్కనిచ్చేవాడు కాదాయన. "ఆడపిల్లవి, గ్రీజు మరకలు నీకెందుకు" అని గేటు దగ్గరే క్యారేజీ అందుకుని పంపించేసేవాడు. తమ్ముడికి మాత్రం ఎనిమిదో ఏటే స్పానరిచ్చాడు. వాడిప్పుడు బ్యాంకులో పనిచేస్తున్నాడనుకోండి, అది వేరే సంగతి.

ఆ రాత్రి ఫోన్ చేశాను. ఇక్కడ రాత్రి ఎనిమిదైతే అక్కడ పొద్దున్న ఆరున్నర.

"ప్లగ్గులేంటమ్మాయ్? మా లారీలకి ప్లగ్గులే ఉండవు కదా!" అన్నాడు.

నిజమే. డీజిలు ఇంజనులో గాలిని గట్టిగా నొక్కితే అది కాలిపోయేంత వేడెక్కుతుంది. అందులోకి డీజిలు చిమ్మితే దానంతటదే అంటుకుంటుంది. పెట్రోలు ఇంజనుకి మాత్రం నిప్పురవ్వ కావాలి. మన గ్యాసు లైటరు 'టక్' మనగానే మొనదగ్గర నీలంగా మెరుస్తుందే, అలాంటి రవ్వే. ఆ రవ్వ పుట్టే చోటు స్పార్క్ ప్లగ్గు. బ్యాటరీలో ఉండేది పన్నెండు వోల్టులు. అంత చిన్న శక్తి గాలిలో సందు దాటలేదు. దాన్ని వేల వోల్టులకి పెంచేది ఇగ్నిషన్ కాయిలు. లోపల రెండు తీగచుట్టలు, ఒకటి లావుది, ఒకటి వెంట్రుకంత సన్నంది. అంతే దాని రహస్యం. పాత కార్లలో అన్నిటికీ కలిపి ఒకటే కాయిలుండేది. మా ట్రక్కులో ఎనిమిది సిలిండర్లకి ఎనిమిది ప్లగ్గులు, ఒక్కోదాని నెత్తిన ఒక్కో కాయిలు.

ఆడవాళ్లకీ ఈ నిప్పురవ్వకీ చుట్టరికం కొత్తదేం కాదు. 1888లో బెర్తా బెంజ్ భర్తకి చెప్పకుండా, ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని, ఆయన చేసిన మోటారు బండిలో మాన్‌హైమ్ నుంచి పుట్టింటి ఊరు ఫోర్జ్‌హైమ్‌కి వెళ్లింది. వంద కిలోమీటర్ల పైమాటే. దారిలో పెట్రోలు గొట్టం పూడుకుంటే టోపీ పిన్నుతో పొడిచిందట, నిప్పురవ్వ తీగ ఒరుసుకుపోతే మేజోడు పట్టీ చుట్టిందట! ఆవిడ పుట్టింటికి వెళ్లగా లేంది, నేను ఇర్వింగ్ దాటి ఫ్రిస్కో దాకా సాంబారు తీసుకెళ్లలేనా అనిపించింది.

రోగం ఎక్కడో ముందు తెలుసుకోవాలి

ఇక్కడ విడిభాగాలమ్మే కొట్లలో చిన్న పెట్టె తగిలించి, బండి కంప్యూటరులో ఏం రాసుందో ఊరికే చూసి చెప్తారు. 'పి0303' అని వచ్చింది. మూడో సిలిండరు సరిగా మండటం లేదని అర్థం. కానీ తప్పు ప్లగ్గుదా, కాయిలుదా? దానికో ఉపాయముంది. మూడో కాయిలు తీసి ఒకటో దానిమీద, ఒకటోది మూడోదాని మీద పెట్టి, పాత కోడు చెరిపేసి కాసేపు నడిపాను. ఈసారి 'పి0301' వచ్చింది. అంటే రోగం కాయిలుతోపాటే నడిచొచ్చింది! దొంగ దొరికాడు.

మరి ఒక్క కాయిలు మారిస్తే సరిపోదా? పోదు. మా బండి ప్లగ్గులు కొన్ననాటి నుంచీ మార్చలేదు. ప్లగ్గు మొన అరిగేకొద్దీ రవ్వ దూకాల్సిన సందు పెద్దదవుతుంది. సందు పెరిగితే కాయిలు ఇంకా ఎక్కువ వోల్టులు పుట్టించాలి, అలా పుట్టించీ పుట్టించీ చస్తుంది. కొత్త ప్లగ్గులో సందు ఒక మిల్లీమీటరు, మహా అయితే 1.2 ఉండాలి. తరవాత కొలిస్తే నావి ఒకటిన్నర దాటాయి. పాత ప్లగ్గులుంచి కొత్త కాయిలేస్తే అదీ త్వరగానే పోతుంది. అలాగని బాగున్న ఏడు కాయిల్స్ పారెయ్యడమూ దండగే. వాటికి కింద రబ్బరు తొడుగులూ స్ప్రింగులూ మార్చాను, అంతే. లైటు ఆగకుండా కొట్టుకుంటుంటే మాత్రం బండి నడపకూడదట. మండని పెట్రోలు పొగగొట్టంలోని కన్వర్టరులోకి పోయి దాన్ని కాల్చేస్తుంది. దాని ఖర్చు ముందు 1600 ఏ మూలకీ చాలదు. ఆ సీమంతం రోజు నేను చేసిన పొరపాటు అదే.

"బతిమాలాలమ్మాయ్!"

అసలు గండం ప్లగ్గు ఊడదియ్యడంలో ఉంది. ఈ రకం ఇంజను ప్లగ్గు చూపుడువేలికన్నా పొడుగు. కింది గొట్టం వేరే ముక్క, పై భాగానికి నొక్కి అతికించింది. ఏళ్ల తరబడి మసి గడ్డకట్టి ఆ గొట్టాన్ని పట్టేసుకుంటుంది. బలంగా తిప్పితే పై ముక్క చేతికొస్తుంది, కింది ముక్క ఇంజనులోనే ఉండిపోతుంది. గ్యారేజీవాడు చెప్పిన 'వేరే చార్జీ' అందుకే.

మంగళవారం సాయంత్రం ఇంజను పూర్తిగా చల్లారాక మొదలెట్టాను. బానెట్టు అందక వంటింటి పీటేసుకుని నిలబడ్డాను. ముందు బ్యాటరీ నెగెటివ్ తీగ విప్పాను. ఒక్కో కాయిలుకీ ఒకటే బోల్టు, ఏడు మిల్లీమీటర్లది. కాయిల్స్ పైకి లాగాక గుంటల్లోని దుమ్ము గాలితో ఊదేశాను. లేకపోతే ప్లగ్గు తియ్యగానే అదంతా ఇంజనులో పడుతుంది. తరవాత తొమ్మిది బై పదహారు అంగుళాల సాకెట్టు పెట్టి, ఒక్కో ప్లగ్గునీ పావు చుట్టు మాత్రం తిప్పి ఆపేశాను. గుంటలో అర చెంచా కార్బురేటర్ క్లీనరు పోశాను. పావుగంట చాలంటారు కానీ నేను రాత్రంతా నాననిచ్చాను. పప్పు నానబెట్టడం మనకి కొత్తా? (ఆ మందు మాత్రం నిప్పంటే భగ్గుమంటుంది. తలుపులు బార్లా తీసుంచాలి, దరిదాపుల్లో దీపం ఉండకూడదు.)

బుధవారం నాన్న వీడియోలో కూర్చున్నాడు. మావారు పక్కన కుర్చీలో కూర్చుని టార్చిలైటు పట్టుకున్నారు. అంతకన్నా ఏం చేసినా నేను ఊరుకోనని ఆయనకీ తెలుసు.

"బిగుసుకున్నదాన్ని కోపంతో తిప్పకూడదమ్మాయ్, బతిమాలాలి. కొంచెం విప్పు, కిర్రుమంటే ఆగు, మళ్లీ బిగించు. అది వదిలేటప్పుడు చేతికే తెలుస్తుంది" అన్నాడు నాన్న.

ప్లగ్గులు తెలీని మనిషి! కానీ బిగుసుకున్న ఇనుము సంగతి ఆయనకి తెలిసినంత ఎవరికి తెలుసు? ఒకటి, రెండు, మూడు... ఒక్కోదానికీ ఇరవై నిమిషాలు. ఏడూ నిక్షేపంలా వచ్చాయి. ఎనిమిదోది డ్రైవరు వైపు అన్నిటికన్నా వెనక, చెయ్యి సరిగా దూరని మూల. కిర్రు మనలేదు. 'టిక్' మంది, అంతే. పైకి తీస్తే సగమే ఉంది.

స్పానరు కింద పడేసి పీట మీద కూలబడ్డాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. శనివారం ఎనభై మంది, తీసుకున్న అడ్వాన్సు అప్పుడే సరుకులకి ఖర్చయిపోయింది. ఫోనులో నాన్న కాసేపు ఏమీ మాట్లాడలేదు.

"నేను ఎన్ని విరగ్గొట్టానో నీకు తెలీదులే. మీ అమ్మకి కూడా చెప్పేవాణ్ణి కాదు" అన్నాడు చివరికి.

ఆయన నోట ఆ మాట ఎప్పుడూ వినలేదు. మా ఇంట్లో నాన్న అంటే పొరపాటు చెయ్యని మనిషి.

ఇలా విరిగినవాటి కోసమే ఒక పనిముట్టు అమ్ముతారు. గురువారం కొనుక్కొచ్చాను. లోపల మిగిలిన పింగాణీని ముందు కిందికి నొక్కి, గొట్టం లోపల మర కోసి, నట్టు తిప్పుతూ మెల్లగా పైకి లాగాలి. గంటన్నర పట్టింది. నల్లగా మసి పట్టిన గొట్టం చేతిలోకొచ్చినప్పుడు మావారు చప్పట్లు కొట్టబోయి నడుం పట్టుకున్నారు.

కొత్తవి ఒకే ముక్కగా చేసిన రకం తెచ్చాను. సందు కొలిచి, గొట్టానికి మాత్రం నికెల్ పేస్టు పల్చగా రాసి (మరలకి రాయకూడదు), ముందు వేళ్లతోనే బిగించి, తరవాత టార్క్ రెంచితో 25 ఫుట్-పౌండ్ల దాకా. కాయిలు రబ్బరులో కాస్త సిలికాన్ గ్రీజు. బ్యాటరీ కలిపి తాళం తిప్పితే... వణుకు లేదు, లైటు లేదు! ఆ పనిముట్టుతో సహా మొత్తం అయింది 260 డాలర్లు.

మీ స్కూటరుకైతే ఈ అవస్థంతా లేదు. ఒకటే ప్లగ్గు, కంపెనీవాళ్లిచ్చిన పానాతోనే వస్తుంది. ఇంజను చల్లారాక తీసి మొన చూడండి. గోధుమరంగులో ఉంటే ఆరోగ్యం. పొడి మసి ఉంటే పెట్రోలు ఎక్కువ తాగుతోంది. నూనె తడుంటే మెకానిక్కుకి చూపించాల్సిందే. మరీ తెల్లబడితే ఇంజను అతిగా వేడెక్కుతున్నట్టు. ప్లగ్గు ఎలా ఉందో మీకే తెలిసుంటే, "మొత్తం పోయిందమ్మా" అన్న మాట ఎంతవరకూ నమ్మాలో కూడా తెలుస్తుంది.

శనివారం వంట వేళకి అందింది. వంకాయ కూరలో ఉప్పు కాస్త తగ్గిందన్నారు, అది వేరే కథ. ఆ రాత్రి నాన్న ఫోన్ చేసి, "పాత ప్లగ్గులు పారేశావా? వరసగా పేర్చి ఫొటో పెట్టు" అన్నాడు. పెట్టాను. అరగంటలో మళ్లీ ఫోను.

"ఏడోదాని పింగాణీ పైన నూనె చెమ్మ కనపడుతోందమ్మాయ్. వాల్వ్ కవరు గ్యాస్కెట్ చూసుకో. ఆదివారం ఖాళీయేనా?"

ఖాళీయేనన్నాను.