పాలవెల్లి నడిబొడ్డునుండి వచ్చు గామాకిరణములు

వేసవి రాత్రులయందు ఆరుబయట పరుండి దక్షిణదిక్కునకు జూచినచో, వృశ్చికరాశి తోకకు సమీపమున, ధనూరాశిలో, పాలవెల్లి మిక్కిలి వెడల్పై దట్టముగా గానవచ్చును. ఆ దిక్కుననే, సుమారు 26,000 కాంతిసంవత్సరముల దూరమున, మన నక్షత్రమండలముయొక్క నడిబొడ్డు గలదు. అచట 40 లక్షల సూర్యుల బరువుగల కృష్ణబిలమొకటి యున్నది. కాని నడుమ ధూళిమేఘములు క్రమ్ముకొని యుండుటచే ఆ చోటి వెలుగు మన కన్నులకు జేరదు. గామాకిరణములను మాత్రము ఆ ధూళి యాపజాలదు.

గామాకిరణములును వెలుతురే. మనము చూచు వెలుతురుకణమునకు రెండు మూడు ఎలక్ట్రాను ఓల్టుల శక్తి యుండగా, మేమిచట చెప్పబోవు కిరణములకు 100 కోట్ల ఎలక్ట్రాను ఓల్టులును అంతకు మించియు నుండును. "అయ్యా, కంటికి గానరాని వెలుగు గలదని యెట్లు నమ్ముట?" యని మా తరగతిలో నొక బాలుడు ప్రశ్నించెను. మంచి ప్రశ్నయే. మన వాయుమండలము ఈ కిరణములను నేలకు రానీయదు గనుక, 2008వ సంవత్సరము జూన్ నెలలో అమెరికావారు ఫెర్మి యను దూరదర్శినిని ఆకాశమునకు బంపిరి. నేలమీదనుండి చూచు మార్గమును గలదు. మిక్కిలి శక్తిగల కిరణము గాలిని తాకగానే కణముల జడివాన పుట్టును. ఆ కణములు గాలిలో వెలుతురుకంటె వేగముగా బోవుచు, సెకనులో నూఱుకోట్లవ వంతులు కొన్ని మాత్రమే నిలుచు నీలికాంతిని వెదజల్లును. ఈ మెఱుపును పట్టుటకై ఆఫ్రికాలోని నమీబియాలో హెస్ దూరదర్శినులు నెలకొల్పబడినవి. అచట మన మండలపు నడిబొడ్డు దాదాపు నడినెత్తిపై నడచును. (లడఖ్‌నందలి హాన్లేలో 2024లో ప్రారంభమైన మేస్ దూరదర్శినియు నీ జాతిదే; దాని నిర్మాణమున మన హైదరాబాదు ఇ.సి.ఐ.ఎల్. సంస్థ పాలుగొన్నది.)

హెస్ వారు 2006లో, నడిబొడ్డున వాయుమేఘములున్న చోటులనే గామాకాంతి యెక్కువగా నుండుట గనిపెట్టిరి. ప్రోటానులు మేఘములను ఢీకొనుటచే నీ కాంతి పుట్టుచున్నదని దాని భావము. విద్యుదావేశముగల ప్రోటానులను అయస్కాంతక్షేత్రములు దారి మళ్లించును గాన అవి యెచట బయలుదేరెనో చెప్పలేము. గామాకిరణమో, తిన్నగా వచ్చి తన పుట్టినచోటును చూపును.

అసలు చిక్కు తక్కువ శక్తిగల కిరణములయందున్నది. 2009లో లిసా గుడెనఫ్, డాన్ హూపర్ అను నిరువురు ఫెర్మి లెక్కలను పరిశీలించి, తెలిసిన కారణములన్నియు తీసివేసినను, 200 కోట్ల ఎలక్ట్రాను ఓల్టుల ప్రాంతమున కొంత కాంతి మిగులుచున్నదని తెలిపిరి. ఈ మిగులు దేనివలన? కృష్ణపదార్థ కణములు ఒకదానినొకటి తాకి నశించునపుడు పుట్టినదని కొందఱందురు. ఆ పదార్థము మామూలు పదార్థమునకు ఐదింతలున్నను, దాని ఆకర్షణ తప్ప మఱే జాడయు నిశ్చయముగా దొరకలేదు. కావున ఈ మాట నిజమైనచో సామాన్యమైన సంగతి కాదు. అట్లుగాదు, సెకనుకు వందలసార్లు గిరగిర తిరుగు ముసలి పల్సారులు వేలకొలది యచట నున్నవని మఱికొందఱి వాదము.

నిర్ణయ మెట్లు? దూరమునుండి జూచిన బియ్యపుపిండి కుప్పయు గసగసాల కుప్పయు నొక్కటిగనే యుండును. చేతబట్టి నలిపిన పలుకు తెలియును. అట్లే పల్సారులైనచో ఆ కాంతి పలుకుపలుకుగాను, కృష్ణపదార్థమైనచో మెత్తగాను నుండవలెను. 2016లో రెండు బృందములవారు పలుకులున్నవనిరి. పల్సారుల పక్షము గెలిచినట్లే తోచెను. అయితే 2019లో రెబెకా లీన్, ట్రేసీ స్లేటియర్ అనువారు, ఆ పరీక్షలలో నొకటి మెత్తని కాంతినికూడ పలుకులుగా భ్రమింపవచ్చునని చూపిరి. కృష్ణపదార్థ పక్షమునకును చిక్కు లేకపోలేదు: మన మండలము చుట్టు తిరుగు చిన్న నక్షత్రమండలములును అట్లే వెలుగవలెను గదా, వానిలో నట్టి కాంతి నిశ్చయముగా గానరాలేదు. ఇక రేడియో దూరదర్శినులు ఆ పల్సారులను ఒక్కొక్కదానినే పట్టి లెక్కపెట్టగలిగినచో తగవు తీఱును. ఆ వెదకులాట సాగుచున్నది.