వర్ణనలో వివరం: ఎవరి ముక్కు, ఎవరి చెయ్యి?

దళితవాడల గురించి నివేదికలు, కథలు, పరిశోధనా వ్యాసాలు రాసే మిత్రులు తరచుగా వాడే మాటలు కొన్ని వున్నాయి: 'దుర్భర పరిస్థితులు', 'మురికివాడ', 'భరించలేని కంపు'. సానుభూతితోనే రాస్తారు. కానీ వీటిలో వర్ణన లేదు, తీర్పు మాత్రమే వుంది. చదివేవాళ్లకు ఏమీ కనబడదు, వినబడదు. రాసినవాడు ఎంత దూరంలో నిలబడ్డాడో మాత్రం తెలిసిపోతుంది.

తోలుపనినే తీసుకుందాం. లంద దగ్గర 'కంపు' అని రాస్తే ఒక్క మాటతో పని అయిపోతుంది. దగ్గరికి పోతే అక్కడ ఎన్నో వాసనలు. పచ్చితోలుది ఒకటి. వెంట్రుకలు ఊడడానికి నానబెట్టే సున్నపునీళ్లది ఇంకొకటి. ఆ సున్నం చేతుల్ని కొరుకుతుంది, వేళ్ల సందులు పగులుతాయి. ఆ తర్వాత తంగేడు చెక్క నానిన నీళ్లది, వగరు. ఆ వగరే తోలును కుళ్లకుండా ఆపి చెప్పులకూ, మోటబొక్కెనకూ పనికొచ్చేట్టు చేస్తుంది. ఆ బొక్కెనతో తోడిన నీళ్లే ఊరి పొలాల్ని తడిపాయి. ఇట్లా రాస్తే కంపు అన్న చోట ఒక విద్య కనబడుతుంది, దాన్ని వాడుకొని అంటరానిదన్న ఊరు కూడా కనబడుతుంది.

డప్పు సంగతీ అంతే. 'డప్పు మోగింది' అంటే చాలదు. తేమకు తోలు వదులవుతుంది, మంట దగ్గర కాక పట్టాలి, బిగిసిందో లేదో తట్టి చూడాలి. ఒక చేతిలో చిర్ర, ఇంకో చేతిలో చిటికెన పుల్ల. మోతకు ముందు ఇంత పని వుంది.

వివరం రాజకీయం కూడా. 1985 జులై 17న కారంచేడులో మాదిగల్ని వేటాడి చంపారు. దాన్ని 'కులఘర్షణ' అంటే రెండు పక్షాలూ సమానమైపోతాయి. ముందురోజు మంచినీళ్ల చెరువు దగ్గర జరిగింది రాయండి: మాదిగలు తాగే నీళ్ల దగ్గర గేదెల కుడితి బకెట్టు కడగడం, వద్దన్నందుకు కొట్టడం, మున్నంగి సువార్త నీళ్లబిందె ఎత్తడం. ఆ బకెట్టు, ఆ బిందె చెప్పేది 'ఘర్షణ' చెప్పదు.

అయితే వివరమల్లా మంచిది కాదు. అత్యాచారానికి గురైన స్త్రీ శరీరాన్ని, శవం మీది గాయాల్ని పొల్లుపోకుండా వర్ణించి చదువరిని కదిలించాలనుకోవడం ఇంకో రకం దోపిడీ. కేసుకు కావలసిన గాయాల లెక్క వేరు, కథకు కావలసిన వివరం వేరు. రాసింది ఆ మనిషికి, ఆ ఇంటివాళ్లకు ఎదురుగా కూచొని చదివి వినిపించగలమా? లేకపోతే కొట్టెయ్యాలి.

పద్ధతి కష్టమైందేం కాదు. చేసేవాళ్లను అడగాలి, వాళ్ల మాటనే రాయాలి. లంద, కాక, చిర్ర లాంటి మాటల్ని గ్రామ్యమని ఎర్రసిరాతో కొట్టేసే అలవాటు మన తరగతి గదుల్లో ఇంకా పోలేదు. బడి మెట్లెక్కిన మొదటి తరంగా ఆ మాటలు మనం రాయకపోతే, పనితోపాటు వాటి పేర్లూ పోతాయి. విద్యార్థులు ఇంట్లో పెద్దవాళ్లున్నప్పుడే కాగితం, కలం తీసుకొని కూచోవాలి.