కార్మిక చట్టముల పరీక్షకు చదివే మన పిల్లలకు

మన పాలకోడు తెలుగు కుటుంబములలో చదువుకున్న పిల్లవాడంటే బడిపంతులో, ఆఫీసు గుమాస్తాయో అని పెద్దలు అనుకొనేవారు. ఇప్పుడు హోసూరు కర్మాగారములకు పోయి పనిచేసేవారు మనలో ఎందరో ఉన్నారు. వారి ఇండ్లలోని పిల్లలు కొందరు కార్మిక చట్టములు చదివి పరీక్షలకు కూర్చుంటున్నారు. ప్రావిడెంటు ఫండు సంస్థలో ఎన్‌ఫోర్స్‌మెంటు ఆఫీసరు పనికి యూనియన్ పబ్లిక్ సర్వీస్ కమిషన్ జరిపే పరీక్ష అట్టిదే. డిగ్రీ ఉన్నవారు దానికి కూర్చోవచ్చును. తప్పు జవాబుకు మూడవ వంతు మార్కు కోసివేయుదురు గనుక ఊహించి గీత పెట్టుట పనికిరాదు.

మన పిల్లలకు మొదటి కష్టము భాష. ఇంట్లో తెలుగు, బడిలో తమిళము. ప్రశ్నపత్రము మాత్రము ఇంగ్లీషులోను, హిందీలోను ఉండును. దీనికి మేము చెప్పే ఉపాయము ఒక్కటే: చదివిన సెక్షనును అమ్మకు అర్థమయ్యేటట్లు తెలుగులో చెప్పి చూడవలెను. కరెంటు లేకనో, సరుకు రాకనో యజమాని 'ఈ వారము పని లేదు' అంటే అది లే-ఆఫ్, ఉద్యోగము ఉన్నట్లే. 'మనుషులు ఎక్కువైనారు, ఇక రావద్దు' అంటే రిట్రెంచ్‌మెంటు. తగాదా వచ్చి తానే గేటు మూసితే లాకౌటు. ఇట్లు విడమరచినవారు పరీక్షలో తడబడరు.

రెండవది పుస్తకముల సంగతి. 2025 నవంబరు 21 నుండి 29 పాత చట్టములకు బదులు నాలుగు కోడ్లు అమలులోనికి వచ్చినవి. వేతనముల కోడు 2019 నాటిది. పారిశ్రామిక సంబంధములు, సాంఘిక భద్రత, వృత్తి భద్రత కోడ్లు 2020 నాటివి. పాత గైడు ఒక్కటే నమ్ముకొన్నవారు మోసపోవుదురు. పూర్వము సమ్మెకు ముందు నోటీసు నీళ్లు, కరెంటు వంటి ప్రజోపయోగ సేవలకే తప్పనిసరి. ఇప్పుడు అన్ని పరిశ్రమలలోను 14 దినముల ముందు ఇవ్వవలెను. కర్మాగారము మూయుటకు ప్రభుత్వ అనుమతి పూర్వము 100 మంది ఉన్నచోట కావలసి ఉండెను. ఇప్పుడు 300 మంది. పాతదీ కొత్తదీ పక్కపక్కన రెండు గళ్లుగా వ్రాసుకొనుట మంచిది.

చట్టము ఎందుకు పుట్టినదో తెలిస్తే అది మరపురాదు. 1918లో మద్రాసులో సెల్వపతి చెట్టి, రామానుజులు నాయుడు మొదలైనవారు బి.పి. వాడియాను ముందుంచుకొని మద్రాసు లేబరు యూనియను స్థాపించిరి. మిల్లు యజమానులు ఆ నాయకులపై హైకోర్టుకెక్కి నిషేధపుటుత్తరువు తెచ్చిరి. సంఘము పెట్టుటే నేరమా అన్న ప్రశ్న నుండి 1926 నాటి ట్రేడు యూనియనుల చట్టము వచ్చినది. మన వి.వి. గిరిగారు కేంద్ర కార్మిక మంత్రిగా ఉండి, బ్యాంకు ఉద్యోగుల తీర్పును ప్రభుత్వము మార్చినందుకు 1954లో పదవి వదలుకొనిరి.

లెక్కలకు ఇంట్లోని జీతపు చీటీయే చాలును. మూలవేతనము, కరువుభత్యము కలిసి 8,000, ఇంటి అద్దె, ప్రయాణ భత్యములు మొదలైనవి 18,000, మొత్తము 26,000 రూపాయలనుకొందాము. కొత్త నియమము ప్రకారము అట్టి భత్యములు మొత్తములో సగమును, అనగా 13,000ను, మించరాదు. మించిన 5,000 వేతనములో కలిపితే వేతనము 13,000 అగును. గ్రాట్యుటీకి ఆ వేతనమును 26తో భాగించి, 15తోను, పనిచేసిన ఏండ్లతోను గుణించవలెను. పదేండ్లకు 75,000 రూపాయలు. 8,000 మీదనే కట్టితే 46,154 మాత్రమే వచ్చును. ఈ తేడా పిల్లవానికి రెండు మార్కులు, తండ్రికి సుమారు 29,000 రూపాయలు!

పాలకోడువారికి చక్కెర మిల్లు తెలియనిది కాదు. ఏడాది పొడుగునా కాక చెరకు ఆడే కాలములోనే పనిచేసేవారికి ఒక్కొక్క సీజనుకు ఏడు దినముల వేతనమే గ్రాట్యుటీ. పని వదలినవారికి రావలసిన జీతమును రెండు పనిదినములలో ఇచ్చివేయవలెను. ఇట్టివి గైడులో చదువుటకన్న పనివారిని అడిగి తెలుసుకొన్నచో బాగుగా పట్టుబడును.

కనుక తల్లిదండ్రులారా, మీ జీతపు చీటీని, ప్రావిడెంటు ఫండు లెక్కను బీరువాలో దాచక పిల్లల ముందుంచండి. వారు పరీక్ష ప్యాసయినా కాకపోయినా, మీ లెక్క సరిచూచే మనిషి ఇంట్లో ఒకరు తయారగుదురు.