గర్భిణి దేహంపై అవాంఛిత రోమాలు: అపహాస్యం కాదు, అవగాహన కావాలి

బిడ్డను మోయడంలో తల్లి పడే శ్రమను దివ్య ఖుర్ఆన్ లుఖ్మాన్ (31:14), అహ్‌ఖాఫ్ (46:15) సూరాలలో ప్రత్యేకంగా గుర్తుచేసింది. ఆ శ్రమలో స్త్రీ నోరు విప్పి చెప్పుకోలేని బాధలు కూడా ఉంటాయి. నెలలు నిండుతున్న కొద్దీ కొందరి పొత్తికడుపుపై, చేతులపై, పై పెదవిపై, గడ్డంపై రోమాలు దట్టంగా మొలవడం అటువంటిదే. సిగ్గుతో ఆమె దానిని డాక్టరమ్మకు సైతం చెప్పదు. ఇంటికి వచ్చినవారు మాత్రం చూసి నవ్వుతారు.

ఇది శాపమూ కాదు, దిష్టీ కాదు. గర్భధారణలో హార్మోన్ల పరిమాణం మారుతుంది. వెంట్రుక పెరిగే దశ దీర్ఘమై, రాలడం తగ్గుతుంది. అందుకే తలకట్టు ఒత్తుగా కనిపిస్తుంది. ఆండ్రోజెన్ల ప్రభావం వల్ల ముఖంపై, దేహంపై కొత్త రోమాలు రావచ్చు. సాధారణంగా కాన్పు తరువాత ఆరు నెలలలోపు ఇవి తగ్గిపోతాయి. కాన్పయిన రెండు నుండి నాలుగు నెలలకు తల వెంట్రుకలు అధికంగా రాలడం కూడా సహజమే. చాలామందికి ఏడాదిలోపు జుట్టు మునుపటి స్థితికి వస్తుంది.

కడుపుపై రోమాలు పెరిగితే మగబిడ్డేనని మన ఇండ్లలో కొందరు పెద్దలు అంటారు. దీనికి ఆధారం లేదు. శిశువు ఆడో మగో గర్భం నిలిచిన క్షణంలోనే, తండ్రి నుండి వచ్చే క్రోమోజోమును బట్టి నిర్ణయమవుతుంది. కుమార్తెలను గానీ కుమారులను గానీ ప్రసాదించేవాడు అల్లాహ్‌యేనని షూరా సూరా (42:49-50) తెలుపుతోంది. ఈ రోమాలను చూసి మగబిడ్డపై ఆశ పెంచి, ఆడబిడ్డ పుట్టినప్పుడు బాలింతను నిందించడం దౌర్జన్యం.

ఈ రోమాలను తొలగించుకోవచ్చునా? అందం కోసం ముఖ రోమాలను పెరికించుకునే స్త్రీలను మందలించే హదీసును హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్ఊద్ (రజి) ఉల్లేఖించారు. అది బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. దానిని దృష్టిలో ఉంచుకొని కొందరు సోదరీమణులు భయపడుతున్నారు. అయితే స్త్రీకి గడ్డం, మీసం మొలిస్తే తీసివేయడం నిషిద్ధం కాదనీ, పైగా అభిలషణీయమనీ ఇమామ్ నవవీ (రహ్మ) వివరించారు. హనఫీ పండితులైన ఇబ్నె ఆబిదీన్ (రహ్మ) కూడా తమ గ్రంథంలో ఇదే అభిప్రాయాన్ని పేర్కొన్నారు. ఇమామ్ తబరీ (రహ్మ) దీనికి భిన్నంగా అభిప్రాయపడ్డారు. కనుక తొలగించుకున్న స్త్రీని గానీ, ఉన్నది ఉన్నట్లు ఉంచుకున్న స్త్రీని గానీ తప్పుపట్టరాదు.

తొలగించదలచినవారికి రేజరు, దారంతో తీయించుకోవడం వంటి సాధారణ పద్ధతులు చాలు. గొరిగితే వెంట్రుక మరింత మందంగా వస్తుందన్నది అపోహ. లేజరు చికిత్సను కాన్పు తరువాతకు వాయిదా వేయాలి. రోమాలు తగ్గించే మాత్రలలో కొన్ని గర్భస్థ శిశువుకు హాని చేస్తాయి. డాక్టరు అనుమతి లేనిదే వాటిని ముట్టరాదు.

ఒక హెచ్చరిక మరువరాదు. గడ్డం, మీసం, ఛాతీ భాగాలలో అకస్మాత్తుగా ముతక రోమాలు రావడం, గొంతు బొంగురుపోయి మగగొంతులా మారడం, మొటిమలు విపరీతం కావడం కనిపిస్తే వెంటనే పరీక్ష చేయించుకోవాలి. అరుదుగా అండాశయంలో ఏర్పడే గడ్డ దీనికి కారణం కావచ్చు. అది సాధారణంగా కాన్పు తరువాత కరిగిపోయినా, గర్భంలో ఆడశిశువు ఉంటే ఆమెపై ప్రభావం పడవచ్చు. 2016 నుండి కేంద్ర ప్రభుత్వ పథకం క్రింద ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో నాలుగో నెల దాటిన గర్భిణులకు ఉచిత పరీక్షలు జరుగుతున్నాయి. నిడదవోలు, పరిసర గ్రామాల సోదరీమణులు ఆశా కార్యకర్తను అడిగి వెళ్ళవచ్చు. మగ డాక్టరు వద్ద చెప్పుకోలేనివారు లేడీ డాక్టరును కోరవచ్చు. చికిత్స పొందడం ప్రవక్త (సఅసం) ఆదేశించిన విషయమే.

స్త్రీలు స్త్రీలను ఎగతాళి చేయరాదని హుజురాత్ సూరా (49:11) పేరుపెట్టి మరీ వారించింది. అత్తగారూ, ఆడపడుచులూ ఈ ఆయతును ముందుగా తమకు వర్తింపజేసుకోవాలి. ఇక భర్త ఆమె ముఖం చూసి వంక పెట్టకుండా, తానే వెంటబెట్టుకొని ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. తన బిడ్డను మోస్తున్న ఇల్లాలికి అతను చేయగల మేలైన సేవ అదే.