పాలు పడనివారి పథ్యము

పెండ్లిపంక్తిలో పాయసము వడ్డన సాగుచుండగా విస్తరికి చేయి అడ్డముపెట్టి “నాకు పాలు పడవండీ” అనువారు ఒకరిద్దరైనను కనబడుచుందురు. వారిలో ఒకరు మఱికొంతసేపటికి గడ్డపెరుగు వేయించుకొని తృప్తిగా భుజించి లేచుటయు, మఱియొకరు పాయసపు గరిటె తగిలినదేమో యని పులిహోరను సైతము ముట్టక శంకించుచు కూర్చుండుటయు చూచిన గృహస్థు, మొదటివారిది నెపమనియు రెండవవారిది చాదస్తమనియు తలపోయుట కద్దు. నిజమునకు ఆ యిరువురి బాధలును వేఱు. ఒకదానికి కారణము పాలలోని చక్కెర, రెండవదానికి పాలలోని మాంసకృత్తులు; ఒకటి జీర్ణకోశపు లోపము, రెండవది దేహమును కాపాడవలసిన రక్షణవ్యవస్థయే దారితప్పుట. ఈ భేదమెఱుగక పథ్యము నిర్ణయించుటవలన మొదటి తెగవారు పెరుగు మజ్జిగలనుగూడ విడిచి వృథాగా నష్టపోవుచుండగా, రెండవ తెగవారు “కొంచెమైతే ఏమీ కాదులే” యను బంధువుల ఆప్యాయతకు లొంగి ప్రాణాపాయమును కొనితెచ్చుకొనుచున్నారు.

మొదటిదానిని చూతము. ఆవుపాలలో నూటికి ఇంచుమించు ఐదుపాళ్లు, తల్లిపాలలో ఏడుపాళ్లు లాక్టోజ్ అను చక్కెర యుండును. గ్లూకోజ్, గాలక్టోజ్ అను రెండు సరళశర్కరలు జంటగా కూడియున్న ఈ పదార్థము, ఆ జంట విడినగాని ప్రేగుగోడను దాటి రక్తమున చేరజాలదు. దానిని విడదీయు పని చిన్నప్రేగుల లోపలిపొరపై నుండు లాక్టేజ్ అను ఎంజైముది. శైశవమున సమృద్ధిగానుండు ఈ ఎంజైము చనుబాలు మానినపిమ్మట క్రమముగా తఱుగుట క్షీరదముల సహజధర్మము. లోకమున పెద్దవయస్సు వచ్చిన మనుష్యులలోను మూడింట రెండువంతులవారి స్థితి ఇదియే. విడని లాక్టోజ్ పెద్దప్రేగునకు జేరి, నీటిని తనలోనికి లాగుకొనుచు, అచటి సూక్ష్మజీవులకు ఆహారమై, హైడ్రోజన్ మొదలగు వాయువులను పుట్టించును. కడుపుబ్బరము, గుడగుడ, నులినొప్పి, విరేచనములు దాని ఫలములు. ఆ హైడ్రోజన్‌లో కొంత రక్తముద్వారా ఊపిరితిత్తులకు చేరి నిశ్వాసముతో వెలువడును గనుక, లాక్టోజ్ కలిపిన నీటిని త్రాగించి కొన్ని గంటలపాటు ఊపిరిని పరీక్షించి వైద్యులు ఈ లోపమును నిర్ధారింతురు.

దీనిని రోగమనుటకే నాకు మనసొప్పదు. పాశ్చాత్యవైద్యులు తమవారియందు కనబడినదే మానవజాతి ధర్మమని చిరకాలము నమ్మి, పెద్దలకు పాలు జీర్ణముకాకపోవుటను అపవాదముగా నెంచిరి. 1966లో జాన్స్ హాప్కిన్స్ వైద్యులు బేలెస్, రోజెన్స్‌వైగ్ అనువారు అమెరికాలోని నల్లజాతివారియందు లాక్టేజ్ కొఱత మిక్కిలి హెచ్చుగా నున్నదని చూపినపిదపగాని ఆ నమ్మకము కదలలేదు. 2002లో లీనా పెల్టోనెన్ నడిపిన ఫిన్లండ్ శాస్త్రజ్ఞుల బృందము, లాక్టేజ్‌ను జీవితాంతము నిలిపియుంచు జన్యుభేదమును పట్టుకొనెను: లాక్టేజ్ జన్యువు ఆరంభమునకు 13,910 అక్షరముల దూరమున ఒకే యొక అక్షరము మాఱుట! పశువులను మేపి పాలపై బ్రదికిన జాతులలో గడచిన కొన్నివేల యేండ్లలో వ్యాపించిన ఈ మార్పు భారతీయులలోను కలదనియు, వాయవ్యమున హెచ్చుగానుండి ఆగ్నేయదిశకు వచ్చుకొలది తగ్గుచున్నదనియు, హైదరాబాదు సీసీఎంబీ శాస్త్రజ్ఞులును పాల్గొనిన ఒక పరిశోధన 2012లో వెల్లడించెను. కాబట్టి తెలుగుబిడ్డ గ్లాసెడు పాలను చూచి మొగము చిట్లించినచో అది మొండితనమని తల్లిదండ్రులు గద్దింపనక్కఱలేదు. లీటర్లకొలది పాలు త్రాగు ఉత్తరాది మల్లుల కథలు అందఱి కడుపులకును ఆదర్శములు కావు.

ఐనను ఈ లోపముతోనే మనవారు తరతరములుగా సుఖముగా భుజించుచున్నారన్నచో దానికి కారణము తోడుచుక్క. గోరువెచ్చని పాలలో చెంచాడు పెరుగు కలిపి మూతవేసినంతనే అందలి బాక్టీరియములు లాక్టోజ్‌ను తినుచు లాక్టికామ్లమును విడుచుటకు మొదలిడును. తెల్లవాఱునప్పటికి పాలు గడ్డకట్టి పుల్లదనమూనును. చక్కెరలో కొంతయే తగ్గినను, మిగిలినదానిని విడదీయుటకు వలయు ఎంజైమును ఆ బాక్టీరియములే తమ కణములలో మోసికొనిపోయి, చిన్నప్రేగులలో పైత్యరసము తగిలి పగిలినపుడు అక్కడనే విడుచును. తిన్నవాడికి లేని ఎంజైమును తిన్న పెరుగే సమకూర్చుట ఎంత చమత్కారము! పెరుగును సలసల కాగించిన మజ్జిగపులుసులో ఆ జీవులు నశించును గనుక ఈ రెండవ లాభము కొఱవడును. నీరు మెండుగాపోసి చిలికిన మజ్జిగలో గ్లాసునకు వచ్చు లాక్టోజ్ స్వల్పము. నేతిలో అది నామమాత్రము. విరుగుడునీరు వడకట్టిన పన్నీరులో తక్కువ. పాలను ఇగురబెట్టి చేసిన కోవాలోనో, చక్కెరంతయు గూడుకొని నిలిచియుండును. లాక్టేజ్ కొఱతగలవారిలో పెక్కుమంది ఒకేసారి 12 గ్రాముల వఱకు, అనగా ఇంచుమించు గ్లాసెడు పాలలోని లాక్టోజ్‌ను, భోజనముతోపాటైనచో ఇంకను సులభముగా, ఓర్చుకొనగలరు. ఉదయపు కాఫీని వారినుండి లాగివేయుట నిష్కారణమైన క్రూరత్వము. అతిసారము తగిలిన శిశువులలో ప్రేగుపొర దెబ్బతిని ఈ ఎంజైము కొన్నివారములు కొఱవడుటయు కలదు. పొర మానగానే అది మరల వచ్చును, తల్లిపాలు మాన్పింపనవసరము లేదు.

రెండవ తెగ కథ వేఱు. 1921లో బ్రెస్లావ్ నగరమున కుస్ట్‌నర్ అను వైద్యునకు చేప తిన్నచో ఒడలు దద్దుర్లెక్కెడిది. అతని సహచరుడు ప్రౌస్నిట్జ్, కుస్ట్‌నర్ రక్తరసమును తన చర్మములోనికి ఎక్కించుకొని, మఱునాడు అదేచోట చేపసారమును ఎక్కించుకొనగా, ఆ యొక్కచోట దద్దు లేచి దురద పుట్టెను. ఎలర్జీని పుట్టించు పదార్థమేదో రక్తమున తిరుగుచున్నదని ఆ దద్దు సాక్ష్యము పలికెను. దానిని ఐజీఈ అను ప్రతిరక్షకముగా ఇషిజాక దంపతులు 1966లో గుర్తించిరి. పాల ఎలర్జీ గలవారిలో అట్టి ఐజీఈ, కేసీన్ మొదలగు క్షీరమాంసకృత్తులను శత్రువులుగా నెంచి, కణములనుండి హిస్టమిన్‌ను వెలువరించును. తిన్న నిమిషములలోనో, ఒకటి రెండు గంటలలోనో దద్దుర్లు, పెదవుల వాపు, వాంతులు, ఆయాసము కలుగును. తీవ్రమైనచో రక్తపుపోటు పడిపోవును. అప్పుడు తొడకండరమున ఇచ్చు ఎడ్రినలిన్ సూది ప్రాణదాత. దానిని జాగుచేసి చిట్కావైద్యములు వెదకుట ప్రమాదము.

ఇట్టివారికి పెరుగు మందు కాదు, అదియు విషమే. తోడు లాక్టోజ్‌ను తఱిగించునుగాని కేసీన్‌ను తొలగింపదు. కాచుటవలన అది చెడదు. గేదెపాలు, మేకపాలు చాలవఱకు అట్టి మాంసకృత్తులనే కలిగియున్నవి. నేతియందును వాని లేశము మిగులవచ్చును. పొట్లముపై పాలు, గుడ్లు, చేపలు, వేరుసెనగ, సోయా మొదలగువాని ఉనికిని ప్రకటింపవలెనని మన ఆహారభద్రతాసంస్థ 2020 నిబంధనలు విధించినవి గనుక బిస్కెట్టుపొట్లమైనను చదివి కొనుటకు వీలున్నది. మిఠాయిదుకాణమున తూచియిచ్చు జాంగ్రీకి అట్టి చీటీ యుండదు, కోవాముట్టిన చేతితోనే దానిని పెట్టిరో లేదో అడిగి తెలిసికొనవలసినదే. ఐజీజీ పరీక్షయని పేరుపెట్టి పదులకొద్ది ఆహారములను నిషేధించు జాబితాలు కొన్ని ప్రయోగశాలలు అమ్ముచున్నవి. ఎలర్జీ వైద్యసంఘములు దానిని అంగీకరింపవు. పాలు పూర్తిగా మానినవారికి సున్నపుధాతువు రాగులవలన దొరకును. చోళ్లన్నను తైదలన్నను అవియే: నూఱు గ్రాములలో 340 మిల్లీగ్రాములకు మించి గలవు, మొలకెత్తించినచో ఒంటికి పట్టుటయు మెఱుగు. నువ్వులు, ముల్లుతో తినదగు చిన్నచేపలు దానికి తోడగును.

పసితనమున పుట్టిన పాల ఎలర్జీ పెక్కుమందిలో బాల్యము గడచునప్పటికి తగ్గిపోవును. పచ్చిపాలు పడని పిల్లలలో చాలమంది, కేకువలె ఎక్కువసేపు పొయ్యిలో కాలిన పిండివంటలలోని పాలను ముందుగా ఓర్చుకొనగలరు. బిడ్డ ఆ దశకు చేరినదో లేదో తేల్చుటకు వైద్యుడు కొలతచొప్పున కొంచెముకొంచెముగా తినిపించి చూచును. ఆ పరీక్ష ఎడ్రినలిన్ చేతికందునట్లున్న ఆసుపత్రిలో జరుగవలసినదేగాని, నాయనమ్మ ముచ్చటపడి చెంచాతో నాకించి చూడదగినది కాదు.